ఉగాది రాత్రి సర్వర్‌లోకి ఎవరో వచ్చారు

పొద్దున్నే ఏడూ నలభైకి ఫోన్ మోగింది. కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూసే అక్క.

"తమ్ముడూ, సర్వర్‌లో ఫైళ్లన్నీ తెల్లకాగితం బొమ్మల్లా కనపడుతున్నాయి. ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ప్రతి పేరు చివరా ఏదో మెయిల్ ఐడీ ఉంది. మనదేనా అది?"

మనది కాదు. అది మనది కాదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. చేతిలో ఉన్న కాఫీ అక్కడే పెట్టేశాను.

"అక్కా, సర్వర్ వెనకాల నీలం వైరు ఉంటుంది చూడు. అది పీకెయ్. కరెంటు మాత్రం తియ్యొద్దు. మిగతా కంప్యూటర్లు ఎవర్నీ ఆన్ చెయ్యొద్దని చెప్పు. నేను పది నిమిషాల్లో అక్కడుంటా."

2022 ఏప్రిల్ 3, ఆదివారం. ముందు రోజే ఉగాది. శుభకృత్ నామ సంవత్సరం అట. ఇంట్లో పచ్చడి తిని, టీవీలో పంచాంగ శ్రవణం విని, నా రాశికి ఆదాయం ఎంతో వ్యయం ఎంతో లెక్క చూసుకుని పడుకున్నాను. ఆ టైంలో ఎక్కడో కూర్చున్న ఒకడు మా సర్వర్‌లో తీరిగ్గా పని చేసుకుంటున్నాడు. ఈ దొంగలకు పండగలంటే ఇష్టం. ఆఫీసులో ఎవరూ ఉండరు కదా.

నా గురించి రెండు ముక్కలు. గుంటూరులో చిన్న వ్యాపారాలకు కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసిపెట్టడం నా పని. ఒక పత్తి మిల్లు, రెండు నర్సింగ్ హోములు, మందుల డిస్ట్రిబ్యూటర్, మిర్చి వ్యాపారులు, ఇలా ఓ పధ్నాలుగు చోట్ల ఏడాది కాంట్రాక్టులు. పెద్ద కంపెనీల్లో ఇదే పనికి ఒక టీమ్ ఉంటుంది. ఇక్కడ టీమ్ అంటే నేను, నా బండి, బ్యాగులో ఒక క్రింపింగ్ టూల్.

కాబట్టి ఈ కథలో తప్పెవరిదో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

టిక్కీలు ఎవరివి?

కోల్డ్ స్టోరేజీ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు చుట్టుపక్కల మిర్చి లోడ్లే లోడ్లు. ధర నచ్చని రైతు సరుకు అమ్మకుండా కోల్డ్‌లో పెట్టుకుంటాడు. ఇక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు, ఒక్కోటి నలభై కిలోల వరకు ఉంటుంది. స్టోరేజీ వాళ్లు రైతుకు బాండు రాసిస్తారు. ఆ బాండు మీద బ్యాంకులో అప్పు కూడా తీసుకుంటారు. అంటే ఆ కాగితం అతనికి సగం ఏడాది కష్టం.

లోపల ఛాంబర్లు, ఒక్కో ఛాంబర్‌లో అంతస్తులు. ఎవరి టిక్కీలు ఎక్కడున్నాయి, అందులో ఎన్ని తీసుకెళ్లారు, ఇంకా ఎన్ని మిగిలాయి, అద్దె ఎంత, బ్యాంకు తాకట్టు ఉందా లేదా... ఇదంతా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ డేటా, అకౌంట్స్ ట్యాలీ డేటా, స్కాన్ చేసిన బాండ్లు, అన్నీ ఒకే సర్వర్‌లో. ఆఫీసు గది మూలన, ఏసీ కింద, దేవుడి పటం పక్కన. విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి తొమ్మిది కంప్యూటర్లు కలిసి ఉంటాయి.

నేను వెళ్లేసరికి ఓనర్‌గారు వచ్చేసి ఉన్నారు. స్క్రీన్ మీద ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి ఉంది. మీ ఫైళ్లన్నీ లాక్ చేశాం, తాళం కావాలంటే ఫలానా మెయిల్‌కి రాయండి, వేరే ప్రయత్నాలు చేస్తే డేటా పోతుంది, ఇంతే దాని సారాంశం. బూతుల్లేవు, బెదిరింపు కూడా పెద్దగా లేదు. కరెంటు బిల్లు కట్టమని వచ్చే నోటీసులా ఉంది. దాన్ని చూసి భయం వేసిందంటే అందుకే.

"బ్యాకప్ ఉంది కదయ్యా?" అన్నారు ఓనర్‌గారు.

ఉంది. సర్వర్‌కే తగిలించిన రెండు టీబీ హార్డ్ డిస్క్. రోజూ రాత్రి పదింటికి దానంతటదే కాపీ అయ్యేలా నేనే పెట్టాను. ఏడాది పొడవునా ఆ యూఎస్‌బీ తీసింది లేదు. వచ్చినవాడికి అది ఇంకో డ్రైవ్, అంతే. దాన్ని కూడా లాక్ చేసి పోయాడు. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలు ఉంటాయి, వాటిని ఒక్క కమాండ్‌తో తుడిచేశాడు. ఈ రకం దొంగలు మొదట చేసే పని అదే.

ఇంటి తాళం చెవిని గుమ్మానికే వేలాడదీసి, డూప్లికేట్ కూడా ఉందిలే అని ధీమాగా పడుకున్నట్టు ఉంది నా బ్యాకప్.

తలుపు తీసింది ఎవరు?

వైరు పీకించాను, ఎవర్నీ ఏమీ ముట్టుకోనివ్వలేదు. అప్పటికే లాక్ చేయడం పూర్తయింది కాబట్టి కరెంటు ఉంచడంలో నష్టం లేదు. ఇంకా ఫైళ్లు ఒక్కొక్కటీ మారిపోతూ కనిపిస్తుంటే మాత్రం ప్లగ్ పీకెయ్యడమే నయమనేది నా అభిప్రాయం. ఆధారాలు పోతే పోయాయి, సగం ఫైళ్లన్నా దక్కుతాయి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. విండోస్ రాసుకునే డైరీ లాంటిది అది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, అన్నీ ఒక నంబరుతో రాసుకుంటుంది. 4625 అంటే లాగిన్ ఫెయిలైంది అని. 4624 అంటే లోపలికి వచ్చాడు అని.

4625లు వరసగా ఉన్నాయి. వరసగా అంటే స్క్రోల్ చేస్తూ ఉంటే వేలు నొప్పి పుట్టేంత. సెకనుకు రెండు మూడు. అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, యూజర్, టెస్ట్, అకౌంట్స్, ట్యాలీ... ఏదో ఒక పేరు, ఏదో ఒక పాస్‌వర్డ్. మనిషి కొట్టేది కాదు, ప్రోగ్రాం కొడుతుంది. రాత్రీ పగలూ రోజుల తరబడి కొడుతూనే ఉంది. ఆఖరికి ఉగాది రాత్రి 11.47కి ఒక 4624. యూజర్ పేరు 'స్కాన్'. లాగిన్ రకం 10. అంటే రిమోట్ డెస్క్‌టాప్.

రెండేళ్ల కిందట కొత్త స్కానర్ కొన్నప్పుడు, స్కాన్ చేసిన బాండ్లు నేరుగా సర్వర్‌లో పడటానికి నేను పెట్టిన అకౌంటు అది. ఆ రోజు పర్మిషన్లు ఎంతకీ కుదరక, చీకటి పడుతుంటే విసుగొచ్చి, దాన్ని అడ్మిన్ల గ్రూపులో పడేశాను. పాస్‌వర్డ్ ఏంటో మీరే ఊహించుకోండి. పేరూ, ఆ పక్కన మూడు అంకెలూ.

సరే, అకౌంటు దొరికింది. కానీ బయటివాడు సర్వర్ గుమ్మం దాకా ఎలా వచ్చాడు? రౌటర్ పేజీ తెరిచి పోర్ట్ ఫార్వర్డింగ్ చూశాను. ఒకే ఒక్క లైను. 3389 నుంచి సర్వర్‌కి.

గుర్తొచ్చింది. 2020 మార్చి, లాక్‌డౌన్. అక్క ఇంట్లోంచి జీతాలు వేయాలి. సీజన్ మధ్యలో ఆఫీసు మూతపడింది. ఫోన్‌లోనే రౌటర్‌లోకి వెళ్లి ఆ పోర్టు తెరిచాను. అక్క ఇంటి నుంచి పని చేసుకుంది, ఓనర్‌గారు నన్ను మెచ్చుకున్నారు. లాక్‌డౌన్ అయిపోయింది. పోర్టు అలాగే ఉండిపోయింది. రెండేళ్లు.

రిమోట్ డెస్క్‌టాప్‌కి మామూలుగా ఉండే పోర్టు 3389. ఇంటర్నెట్‌లో ఏ అడ్రసుకి ఏ పోర్టు తెరిచుందో ఇరవై నాలుగు గంటలూ తట్టి చూసే ప్రోగ్రాములున్నాయి. షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచి ఆ పనే చేస్తోంది, అది చట్టబద్ధంగానే నడుస్తుంది. మిగతావాళ్లు దొంగచాటుగా చేస్తారు. "పోర్టు నంబరు మార్చాను సార్, 3390 పెట్టాను" అని కొందరు కుర్రాళ్లు గొప్పగా చెప్తారు. ముందు గుమ్మం మూసి పక్క గుమ్మం తెరిచినట్టే. దానికి కూడా తట్టేవాడు తడతాడు.

ఇంకో సంగతి. విండోస్ డొమైన్‌లో పాస్‌వర్డ్ ఇన్నిసార్లు తప్పు కొడితే అకౌంటు లాక్ చెయ్యి అనే సెట్టింగ్ ఉంటుంది. మొదట్లో అది సున్నా. అంటే ఎన్నిసార్లయినా కొట్టుకోవచ్చు. మనం వెళ్లి మార్చాలి. నేను మార్చలేదు.

చెప్పాలా, వద్దా

సర్వర్ ముందు కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ అరగంటలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రౌటర్‌లో ఆ లైను తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? 'వైరస్ వచ్చిందండీ, ఈ మధ్య అందరికీ వస్తోంది' అంటే సరిపోతుంది. ఈ ఫీల్డులో చాలాసార్లు వినపడే మాటే అది.

తీసే ముందు మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. తర్వాత ఓనర్‌గారి గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. పోర్టు, స్కాన్ అకౌంటు, తగిలించి ఉంచిన డిస్క్, మూడూ.

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. బయట లోడుతో రెండు లారీలు ఆగి ఉన్నాయి. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఇంకా ఎన్నిచోట్ల తెరిచావయ్యా ఇట్టా?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. లాక్‌డౌన్‌లో ఇంకో ఐదు చోట్ల ఇదే పని చేశాను. ఆ గదిలోంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఫోన్‌లోనే మూసేస్తూ పోయాను. ఒకచోట ఇదివరకే మూసి ఉంది. మూడు చోట్ల తెరిచే ఉంది, అదృష్టం, ఎవరూ లోపలికి రాలేదు. ఐదోది ఒక నర్సింగ్ హోం. అక్కడ లాగ్ చూస్తే 4625లు వానలా పడుతున్నాయి. ఇంకొన్ని రోజులు ఆగితే వాళ్లూ మా లైనులోకే వచ్చేవాళ్లు. అందరికీ విషయం చెప్పాను. ఒకాయన కాంట్రాక్టు రద్దు చేసుకున్నారు. ఆయన్ని తప్పుపట్టను.

డబ్బు సంగతికొస్తే, ఓనర్‌గారి మేనల్లుడు నేను వద్దంటున్నా ఆ మెయిల్‌కి రాశాడు. గంటలో జవాబు. బిట్‌కాయిన్‌లో అడిగారు, లెక్కేస్తే ఐదు లక్షల పైచిలుకు. రెండు చిన్న ఫైళ్లు పంపితే ఉచితంగా విప్పి చూపిస్తామన్నారు. శాంపిల్ అన్నమాట, చీరల షాపులోలా! ఓనర్‌గారు ఒక దశలో మెత్తబడ్డారు కూడా. రోజుకు వచ్చే సరుకు విలువతో చూస్తే ఆయనకు ఐదు లక్షలు పెద్ద మొత్తం కాదు. కానీ డబ్బు తీసుకుని తాళం ఇస్తాడన్న పూచీ లేదు, ఇచ్చిన తాళం అన్ని ఫైళ్లకీ పని చేస్తుందన్న పూచీ అంతకన్నా లేదు. పైగా ఇక్కడ డబ్బులు వస్తాయని ఒకసారి తెలిస్తే మళ్లీ తలుపు తడతారు. నో మోర్ రాన్సమ్ అని ఒక సైట్ ఉంది. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి పెట్టారు. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌లకు తాళాలు అక్కడ ఫ్రీగా దొరుకుతాయి. మా రకానికి దొరకలేదు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇచ్చి, లాక్ అయిన డిస్క్‌ని అలాగే తీసి బీరువాలో పెట్టించాను. ఎప్పటికైనా తాళం బయటికొస్తే పనికొస్తుందని.

తాతగారి చిట్టా

లెక్కలు తేల్చుకుంటే కొంచెం ఊపిరి ఆడింది. మార్చి 30న ఆడిటర్‌గారి కోసం అక్క ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. ఏడాది ముగింపు కదా. అంటే అకౌంట్స్‌లో పోయింది మూడు నాలుగు రోజులే. కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ డేటా మాత్రం నా ల్యాప్‌టాప్‌లో జనవరి కాపీ ఒక్కటే ఉంది, అప్‌డేట్ చేసేటప్పుడు తీసుకున్నది. జనవరి అంటే సీజన్‌కి ముందు. ఫిబ్రవరి నుంచి వచ్చిన రెండు వేల పైచిలుకు లాట్లు గాల్లో ఉన్నాయి.

సోమవారం పొద్దున సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఆ రోజే కొత్త జిల్లాలు మొదలయ్యాయి. "నిన్నటిదాకా మీ గుంటూరు జిల్లానే, ఇయ్యాల్టి నుంచి మాది పల్నాడు" అని నవ్వుతూ లోపలికొచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి బాండు తీసి బల్ల మీద పెట్టాడు. నలభై రెండు టిక్కీలు, తేజ రకం. ధర బాగుందట, ఇరవై తీసుకెళ్తానన్నాడు. కూతురి ఫీజు కట్టాలట.

బాండులో లాట్ నంబరు ఉంది. టిక్కీలు ఏ ఛాంబర్‌లో ఏ అంతస్తులో ఉన్నాయో లేదు. అసలు అతను ముందే ఏమైనా తీసుకెళ్లాడా అన్నది కూడా కంప్యూటర్‌కే తెలుసు. ఆఫీసులో ఎవరూ మాట్లాడట్లేదు. అతను ఒకసారి నన్నూ, ఒకసారి నల్లగా ఉన్న స్క్రీన్‌నీ చూస్తున్నాడు. మొహంలో నవ్వు పోయింది.

అప్పుడు గేటు దగ్గర కూర్చునే గుమాస్తా తాతగారు లోపలికొచ్చారు. డెబ్భై దాటిన మనిషి. చంకలో ఎర్ర గుడ్డ బైండింగ్ పుస్తకం.

"రెండో ఛాంబరు, మూడో అంతస్తు, ఎడం పక్క. ఇంకా ఒక్కటీ తియ్యలా" అన్నారు.

మూడేళ్ల కిందట ఈ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు చిట్టా రాయడం ఇక అక్కర్లేదని ఆయనకు చెప్పింది నేనే. సరేనన్నారు. రాయడం మాత్రం మానలేదు. లోపలికి వచ్చిన ప్రతి లోడూ అందులో ఉంది. బయటికెళ్లినవి గేటు పాసు పుస్తకాల కార్బన్ కాపీల్లో ఉన్నాయి. చిట్టాలోంచి గేటు పాసులు తీసేస్తే మిగిలిన టిక్కీలు.

తొమ్మిది రోజులు పట్టింది. అక్క, మేనల్లుడు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, నేను, షిఫ్టుల్లో కూర్చుని టైపు చేశాం. తాతగారి అక్షరాలు చదవడానికి తాతగారే కావాలి కాబట్టి ఆయన పక్కనే కుర్చీ వేసుకుని చదివి చెప్పేవారు. చివర్లో పదకొండు లాట్లు కలవలేదు. వాటిని ఛాంబర్లలోకి వెళ్లి, స్వెట్టర్లు వేసుకుని, లెక్కపెట్టి తేల్చారు. ఒక దాంట్లో నాలుగు టిక్కీల తేడా మిగిలిపోయింది. ఓనర్‌గారు ఆ డబ్బు రైతుకే ఇచ్చేశారు.

మళ్లీ వచ్చారు బాబోయ్!

ఈలోగా సర్వర్ మళ్లీ మొదటి నుంచి కట్టాను. పాతదాన్ని శుభ్రం చేసి వాడుకోవచ్చు కదా అని అడిగారు. వద్దు. వచ్చినవాడు పోతూ పోతూ వెనక ఎక్కడ కిటికీ తీసి పెట్టాడో తెలియదు. అన్ని కంప్యూటర్లూ తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్, కొత్త డొమైన్, అందరికీ కొత్త పాస్‌వర్డులు.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఒకటే గోల. నాలుగు కంప్యూటర్లకు సర్వర్ కనపడట్లేదు. "మళ్లీ వచ్చారు!" అని అక్క కుర్చీలోంచి లేచిపోయింది. నా గుండె కూడా ఒక క్షణం ఆగింది.

ఇలాంటప్పుడు ఊహలు కట్టెయ్యాలి. బ్లాక్ విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టాను. పనిచేసే కంప్యూటర్లకు 192.168.1 తో మొదలయ్యే అడ్రసు ఉంది. పనిచెయ్యని వాటికి 192.168.0 తో మొదలవుతోంది. అడ్రసు ఇచ్చింది ఎవరు అనే లైనులో నాకు తెలియని నంబరు. పెళ్లి భోజనాల దగ్గర ఇద్దరు టోకెన్లు పంచుతున్నట్టు, ఈ నెట్‌వర్క్‌లో ఇంకెవరో కూడా అడ్రసులు పంచుతున్నారు. వైరు పట్టుకుని గోడ వెంబడి పోతే మేనల్లుడి టేబుల్ కింద తేలింది. ఫోన్‌లకు వైఫై సరిగ్గా రావట్లేదని కొత్త వైఫై రౌటర్ కొని లాన్ పోర్టులోనే గుచ్చేశాడు. పీకేశాను. రెండు నిమిషాల్లో అన్నీ లేచాయి. అక్క అప్పటికి గానీ కూర్చోలేదు.

నెట్‌వర్క్ బాగుచెయ్యడంలో సగం పని ఇదే. 'సర్వర్ డౌన్' అని వచ్చే ఫోన్లలో సర్వర్ నిజంగా పడేది చాలా తక్కువ. విండోస్ డొమైన్‌లో సర్వర్ ఊరి కరణంలాంటిది. ఎవరెవరు ఎక్కడున్నారో దాన్నే అడగాలి. ఆ అడగడం పేరే డీఎన్ఎస్. ఎవరో యూట్యూబ్ చూసి స్పీడ్ పెరుగుతుందని డీఎన్ఎస్‌లో 8.8.8.8 పెడతారు. అది గూగుల్ వాళ్ల నంబరు. ప్రపంచంలో సైట్లన్నీ దానికి తెలుసు, మీ ఆఫీసు మూలనున్న సర్వర్ ఎవరో మాత్రం తెలియదు. దాంతో బ్రౌజర్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, లాగిన్ మాత్రం అవ్వదు. 'నెట్ వస్తోంది సార్, కానీ సర్వరే రావట్లేదు' అన్నారంటే మొదట చూసేది అదే. అడ్రసు 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కి ఎవరూ అడ్రసు ఇవ్వలేదని అర్థం. వైరు ఊడిందో, స్విచ్ పోయిందో, ఎలక కొరికిందో చూడాలి. మిర్చి ఘాటుకి ఎలకలు రావంటారు గానీ, వస్తాయి.

ఇంకోటి గడియారం. డొమైన్‌లో లాగిన్ అయితే కెర్బెరోస్ అనే పద్ధతిలో ఒక టికెట్ ఇస్తారు, దాని మీద టైం ఉంటుంది. సర్వర్ టైంకీ మీ టైంకీ అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే ఆ టికెట్ చాలాసార్లు చెల్లదు. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎప్పటి తేదీకో వెళ్లిపోతుంది. యాభై రూపాయల బ్యాటరీ కోసం ఒకసారి రెండు గంటలు తల బాదుకున్నాను.

ఘనాలో కరెంటు పోయింది కాబట్టి

ఇదంతా చిన్నవాళ్లకే అనుకోకండి. 2017 మే 12న వాన్నాక్రై వచ్చింది. అది పాకిన రంధ్రానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. బ్రిటన్ ఆసుపత్రులతో మొదలుపెట్టి మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్ల దాకా దెబ్బతిన్నాయి. నెలన్నరకి, జూన్ 27న నాట్‌పెట్యా. ప్రపంచంలో అతి పెద్ద షిప్పింగ్ కంపెనీల్లో ఒకటైన మేర్స్క్‌కి దేశదేశాల్లో డొమైన్ సర్వర్లున్నాయి. ఒకదానికొకటి బ్యాకప్ కదా అని వాళ్ల ధీమా. ఒకేసారి అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఒక్కటి తప్ప. అక్కడ ఆ టైంలో కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు! దాని డిస్క్‌ని విమానంలో తెప్పించి కంపెనీ మొత్తాన్ని మళ్లీ నిలబెట్టారు. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేశామని వాళ్ల ఛైర్మనే తర్వాత దావోస్‌లో చెప్పారు.

నెట్‌వర్క్‌కి తగలకుండా ఉన్న కాపీ ఒక్కటే బతికింది. వాళ్లకు ఘనా, మాకు తాతగారు.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఏం మారిందంటే, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ ఖాళీ. అక్క ఇంటి నుంచి పని చేయాలంటే వీపీఎన్, దానికి ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా కొట్టాలి. మొదట్లో విసుక్కుంది, ఇప్పుడు అలవాటైపోయింది. పదిసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే పావుగంట లాక్. స్కాన్ అకౌంటు ఒక్క ఫోల్డర్‌లో ఫైలు పెట్టగలదు, ఇంకేమీ చెయ్యలేదు. నేను కూడా మామూలు పనికి మామూలు అకౌంటే వాడతాను, అడ్మిన్ అకౌంటు వేరు. పాత ఎస్ఎంబీ వెర్షన్ 1 తీసేశాను, వాన్నాక్రై పాకింది దాని మీదే. అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, ఆ తర్వాతి ఆదివారం వేస్తాను. 2012 ఆర్2కి 2023 అక్టోబరు 10తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, అంతకు ముందే 2022కి మారిపోయాం.

బ్యాకప్‌కి రెండు డిస్కులు. ఒకటి తగిలి ఉన్నప్పుడు రెండోది ఓనర్‌గారింట్లో బీరువాలో, చీరల మధ్య. శనివారం శనివారం మారుస్తాం. మూడో కాపీ క్లౌడ్‌లో, దాన్ని ఆఫీసు నుంచి ఎవరూ చెరపలేరు.

మాకు ఈ గొడవైన నెల తిరక్కుండానే, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలు ఇచ్చింది. ఇలాంటి దాడి జరిగితే కంపెనీలు ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. చాలామంది షాపులవాళ్లకు ఇప్పటికీ ఈ సంగతి తెలియదు. డబ్బు కూడా పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

మీ నాన్నగారి షాపులోనో, మామయ్యగారి మిల్లులోనో ఇలాంటి సర్వర్ ఉంటే ఈ వారం ఒక్క పని చెయ్యండి. అక్కడి వైఫైకి కనెక్టయి ఫోన్‌లోనే రౌటర్ పేజీ తెరవండి. పోర్ట్ ఫార్వర్డింగ్ అనో వర్చువల్ సర్వర్ అనో ఉంటుంది. అందులో ఏదైనా లైను కనిపిస్తే, అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగండి. 'ఏమో, ఎప్పటిదో' అన్నారంటే మీ కంప్యూటర్ అబ్బాయికి ఫోన్ చెయ్యండి. కాస్త మర్యాదగా చెయ్యండి, నాలాంటివాడే అయ్యుంటాడు.

నెలకో ఆదివారం నేను ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్తాను. బీరువాలోంచి వచ్చిన డిస్క్‌ని ఒక పాత కంప్యూటర్‌కి తగిలించి, సర్వర్ మొత్తం పోయిందనుకుని మళ్లీ లేపుతాను. ఏదో ఒక లాట్ నంబరు కొట్టి, స్క్రీన్ మీద వచ్చింది చదువుతాను. తాతగారు ఎదురుగా కూర్చుని ఎర్ర పుస్తకంలో వేలు పెట్టి చూస్తారు. పోయిన నెల ఐదు లాట్లు అడిగారు. నాలుగు కలిశాయి. ఐదోది కలవలేదు. నా గొంతు ఎండిపోయింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూసుకున్నారు.

"నీదే కరెక్టు బాబూ. నేను మూడుని ఎనిమిదని చదివా" అన్నారు.